ట్రాలీ మీది నిండు గ్లాసు

మా లైను కూలీలు రోజుకూలి ఒక్క అణా పెంచమని అర్జీ పెట్టుకుంటే దొర వాళ్ళకు ఒక గ్లాసు ఇచ్చాడు.

ఆ అర్జీ రాసింది రైలు లైను చూసే ఆ ఇంజనీరు దొర కింద గుమాస్తానైన నేనే. మూడు వారాలు దొర బల్లమీద పడి ఉండి, దాని మీద టీ మరక కూడా పడిన తర్వాత, దొర ఒకరోజు ఆరు గ్యాంగుల మేస్త్రీలనూ డోన్ స్టేషనులో నీళ్ళ తొట్టి కింద నిలబెట్టి మాట్లాడాడు. యుద్ధానికి చాలా ముందు మాట. ఆయన మద్రాసులో ఎవరో మున్షీ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. అందుకని కూలీలతో కూడా గ్రాంథికంలోనే మాట్లాడేవాడు. మనుష్యుడు ధనము కొరకు మాత్రమే పని చేయడనీ, గౌరవము కొరకును పోటీ కొరకును చేయుననీ తమ దేశంలో పెద్దలు కనిపెట్టారని చెప్పాడు. మేస్త్రీలు చేతులు కట్టుకొని విన్నారు. డబ్బు కోసమే పని చేసేవాళ్ళైతే ఆ కూలికి ఆ ఎండలో కంకర కొట్టడానికి ఎవరూ వచ్చి ఉండరు కాబట్టి ఆ సంగతి వాళ్ళకు కొత్తగా తోచలేదు. దొర జీతం నాలుగు గ్యాంగుల జీతానికి సమానమని నేను అంతకుముందే లెక్క కట్టి ఉన్నాను. ఆయన కూడా ఒక గ్లాసు తీసుకొని పని చేస్తాడా అని అడగాలనిపించింది. అడగలేదు.

పోటీ ఇది. నెలకొకసారి దొర ట్రాలీలో లైను చూడటానికి వస్తాడు. ట్రాలీ అంటే నాలుగు చక్రాల బల్ల. నలుగురు మనుషులు పట్టాల మీద పరుగెత్తుతూ దాన్ని తోస్తారు. ఆ బల్ల మీద తెల్లటి లోహపు గ్లాసు పెట్టి, అంచుదాకా నీళ్ళు పోస్తారు. ఒక గ్యాంగు హద్దు మొదలయ్యే చోట నింపి, హద్దు అయిపోయే చోట ఆపి, ఎన్ని నీళ్ళు తగ్గాయో కొలుస్తారు. పట్టాలు మట్టంగా, కంకర గట్టిగా ఉంటే ట్రాలీ కుదుపు లేకుండా పోతుంది, నీళ్ళు ఒలకవు. ఎవరి గ్యాంగులో తక్కువ ఒలికితే ఆ నెలంతా గ్లాసు వాళ్ళ గుడిసెలో ఉంటుంది. అంతే. డోన్ బజారులో ఆ గ్లాసు ధర పది అణాలు.

కొలిచేవాణ్ణి నేను. నేను చదివింది మూడో తరగతి. ఆ తర్వాత చదువంతా ఎక్కాల పుస్తకమూ, సర్వేవాళ్ళు పారేసిన ఒక పాత పట్టీల పుస్తకమూ. భిన్నాలంటే నాకు ప్రాణం. ఒక ఇత్తడి రేకు మీద అంగుళాన్ని నలభై గీతలుగా నేనే గీసుకొని, ఆ రేకును గ్లాసులో నిలబెట్టి, ఒలికిన నీళ్ళు లెక్క చెప్పేవాణ్ణి. మొదటిసారి అది చూసి దొర నన్ను తన గణితశాస్త్రవేత్త అని ఇంకొక దొరకు పరిచయం చేశాడు. నాకు కూడా అర్జీలో ఒక భాగం ఉండేది. నా జీతం సంగతి చివరి వాక్యంలో చొప్పించాను. గణితశాస్త్రవేత్త అన్న ఆ ఒక్క మాటతో ఆ వాక్యం నేను మరిచేపోయాను. కూలీలను చూసి నవ్వే అర్హత నాకు ఎంత ఉందో చదివేవాళ్ళు ఇక్కడే లెక్క వేసుకోవచ్చు.

గ్లాసు పని చేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. అణా అడిగిన మనుషులు అణా మరిచిపోయి, చీకటితోనే లేచి పట్టాల కింది స్లీపరు దుంగల కింద కంకర కూరటం మొదలుపెట్టారు. గెలిచిన గ్యాంగువాళ్ళు గ్లాసును గుడిసెలో గూట్లో పెట్టి పసుపు కుంకుమ పెట్టారు. దాంతో ఎవరూ నీళ్ళు తాగేవాళ్ళు కారు. దొర గడ్డం గీసుకోవడానికి వాడిన గ్లాసని ట్రాలీ తోసే సాయిబు ఒకాయన చెప్పి ఉన్నాడు. తాగడానికి పనికిరాని గ్లాసు కోసం పది మంది మగవాళ్ళూ వాళ్ళ పెళ్ళాలూ ఒళ్ళు హూనం చేసుకున్నారు. ఓడిన గ్యాంగు ఆడవాళ్ళు బావి దగ్గరికి పోతే, గెలిచిన గ్యాంగు ఆడవాళ్ళు కడవ నింపి, కావాలని నాలుగు చుక్కలు కింద పోసి, ఇది మీ మొగోళ్ళ పని మాదిరే ఉండాది చూడండని అనేవాళ్ళు. దొర చదివిన పుస్తకంలో ఆ బావి ఉందో లేదో నాకు తెలియదు గాని, పోటీని నడిపింది మాత్రం ఆ బావే.

రెండో గ్యాంగు మేస్త్రీ, మూడో గ్యాంగు మేస్త్రీ వియ్యంకులు. మూడో మేస్త్రీ కూతురిని రెండో మేస్త్రీ కొడుక్కు ఇచ్చారు. ఇద్దరూ కోసిగి దిక్కునుంచి కరువులో వలస వచ్చినవాళ్ళే. పనిలో మాత్రం పోలిక లేదు. మూడో మేస్త్రీ పట్టా మీద కన్ను ఆనించి చూశాడంటే, గోరంత ఎత్తుపల్లం ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. నా రేకుతో కొలిచి చూస్తే ప్రతిసారీ ఆయన వేలే నిజమయ్యేది. ఆయన గ్యాంగులో పది మందీ ఆయన వెంట ఊరు విడిచి వచ్చినవాళ్ళు. పని తెలిసినవాడి కింద ఉన్నామన్నదొక్కటే వాళ్ళకు ధైర్యం.

ఆ మేస్త్రీ ఐదు నెలలు వరసగా ఓడిపోయాడు. నాలుగుసార్లు వియ్యంకుడు గెలిచాడు.

గెలిచిన వియ్యంకుడు ఊరుకునే మనిషి కాదు. సంతలో కనబడితే, ఏం బావా, నీళ్ళు తక్కువైతే చెప్పు, మా గ్యాంగులో మిగిలినవి పంపిస్తానని నలుగురిలో అనేవాడు. మూడో మేస్త్రీ సంతకు పోవటం మానుకున్నాడు. కూతురు పుట్టింటికి వచ్చినప్పుడు, మామ మాటలు వినలేకపోతున్నానని తల్లితో చెప్పిందట. ఐదో నెల తర్వాత ఆయన గ్యాంగులో ఇద్దరు కుర్రవాళ్ళు, రెండో గ్యాంగులోకి మారే దారి ఉందా అని నన్నే అడిగారు. ఆ సంగతి నేను ఆయనతో చెప్పలేదు, అయినా ఆయనకు తెలిసింది.

ఆయన ఎందుకు ఓడిపోతున్నాడో నాకు రెండో నెలలోనే తెలుసు.

మూడో గ్యాంగు హద్దులో రెండు గుట్టల నడుమ లైను వంపు తిరుగుతుంది. రెండు వందల అడుగులు కూడా ఉండదు. రైలు వంపు తిరిగేటప్పుడు బయటికి ఒరగకుండా ఉండాలంటే బయటి పట్టా లోపలి పట్టా కన్నా ఎత్తుగా ఉండాలి. అక్కడ రెండున్నర అంగుళాలు ఎత్తు పెట్టారు. వేగంగా పోయే రైలుకు ఆ ఎత్తు కావాలి. నడకకన్నా కాస్త జోరుగా పోయే ట్రాలీ మాత్రం ఆ ఎత్తు వల్ల లోపలికి వాలుతుంది, గ్లాసూ వాలుతుంది. పట్టాల మధ్య నలభై అంగుళాలు, గ్లాసు మూతి మూడు అంగుళాలు. ఈ మూడు అంకెలు చాలు. ఆ వంపులో గ్లాసు అంగుళంలో పదో వంతుకు రవ్వంత తక్కువ నీళ్ళు పోగొట్టుకొని తీరుతుంది. గ్యాంగు తప్పేమీ లేకుండానే. మిగతా ఐదు గ్యాంగులకూ వంపు లేదు. వాళ్ళు ఇరవయ్యో వంతు ఒలకబోసుకొని గెలుస్తూ వచ్చారు.

ఈ లెక్క నా పుస్తకంలో వెనక పేజీలో రాసి పెట్టుకున్నాను. చాలా అందమైన లెక్క. దొరకు చూపించాలని రెండుసార్లు పుస్తకం తెరిచాను. మూడో గ్యాంగుకు పదో వంతు మినహాయించాలని చెబితే, ఇన్ని నెలలు నువ్వు కొలిచింది తప్పా అంటాడు. తప్పైతే గణితశాస్త్రవేత్త పోతాడు, గుమాస్తా మిగులుతాడు. రెండుసార్లూ పుస్తకం మూసేశాను.

ఆరో నెల ట్రాలీ మూడో గ్యాంగు హద్దులోకి పొద్దున ఎనిమిదికి వచ్చింది. వంపు దాటి, హద్దు చివర ఆగాం. గ్లాసులో రేకు పెట్టాను. నీళ్ళు అంచుకు సమానంగా ఉన్నాయి. మళ్ళీ పెట్టాను. దొర నా భుజం మీదుగా వంగి చూసి చప్పట్లు కొట్టాడు. పుస్తకంలో సున్న రాశాను. చప్పట్ల సందడిలో వెనక పేజీలో రాసుకున్న లెక్క నాకు గుర్తురాలేదు.

దొరకు ఆనందం పట్టలేదు. అంతటితో పోయి ఉంటే ఈ కథ లేదు. ఆయన ట్రాలీ వెనక్కి తిప్పించి, వంపు పక్కనే ఉన్న మూడో గ్యాంగు గుడిసె ముందు దిగాడు. పక్క గ్యాంగుల మేస్త్రీలు వచ్చి చూడాలని కబురు పంపాడు. రెండో మేస్త్రీ, అంటే వియ్యంకుడు, అరగంటలో వచ్చి కూర్చున్నాడు. దొర గ్లాసు తీసి మూడో మేస్త్రీ చేతిలో పెట్టి, శ్రామికుని హృదయమును గురించి ముప్పావు గంట ఉపన్యసించాడు. తర్వాత పెట్టె కెమెరా తీసి గ్యాంగునంతా వరసలో నిలబెట్టాడు. ఎండ సరిగా లేదని వరస మార్చాడు. ఆడవాళ్ళను కూడా పిలిపించాడు. ఫోటోలో ఎవరూ నవ్వలేదని మళ్ళీ నిలబెట్టాడు. కూలీలు ఎండవైపూ, వంపువైపూ చూస్తున్నారు. అది సిగ్గని దొర నాతో చెప్పాడు.

వియ్యంకుడు మాత్రం కూర్చున్నచోటే ఉండి అడిగాడు:

"ఏం బావా, ఈ తూరి గ్లాసులో నీళ్ళే పోసిరా, జిగురేమన్నా పోసిరా?"

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. అప్పుడు నాకు సున్న గుర్తుకొచ్చింది. పదో వంతు పోయి తీరాలని నేనే లెక్క కట్టిన చోట సున్న ఎలా వస్తుంది? పాము కొట్టినట్టయింది. కాలకృత్యానికి పోయినట్టు లేచి, మట్టం చూసే బద్ద చంకన పెట్టుకొని వంపులోకి నడిచాను. పట్టాల మీద అడ్డంగా బద్ద పెట్టాను. బద్దకున్న అద్దపు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యన నిలిచింది. రెండు పట్టాలూ ఒకే ఎత్తున ఉన్నాయి.

గ్లాసు ఒలకకూడదని వాళ్ళు రైలు ఒరిగేటట్టు చేసి పెట్టారు.

తిరిగి వచ్చి మేస్త్రీని గుడిసె వెనక్కి పిలిచాను. ఆయన దాచాలని చూడలేదు.

"తెల్లారి గూడ్సు పోయినాక దించితిమి లెక్కలప్పా. మీరు పోతానే ఎత్తుదామని ఉంటిమి. ఈయప్ప పోతాండాడా?"

ఎత్తడానికి ఎంతసేపు కావాలని అడిగాను. మూడు గంటలనీ, ఆడవాళ్ళు కంకర మోస్తే రెండున్నర అనీ అన్నాడు. ప్యాసింజరు బండి ఒంటిగంటన్నరకు వంపులోకి వస్తుంది. నా గడియారంలో పదకొండు. ఆ నిమిషాన మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది. ఆ నిమిషానే దొర, వేపచెట్టు నీడలో మంచం వేయించుకొని, టోపీ ముఖం మీద పెట్టుకొని పడుకున్నాడు. మంచం మీదినుంచి వంపు బాగా కనిపిస్తుంది. పది మంది గడ్డపారలు పట్టుకొని పట్టా ఎత్తుతుంటే ఆ చప్పుడుకు లేవకుండా ఉండడు.

నేను ఏం చేశానంటే, లెక్క వేశాను. పావు తక్కువ పన్నెండుకు దొర లేచి పోతే ఎంత ఎత్తు ఎత్తగలరు? పన్నెండుకు పోతే ఎంత? ఎత్తు అంగుళమే ఉంటే బండి ఎంత వేగం దాకా తట్టుకుంటుంది? ప్రతి లెక్కకూ జవాబు వచ్చింది. దొరను లేపటమొక్కటి నా లెక్కల్లోకి రాలేదు. సున్న నా చేతిరాతలో ఉంది. చూద్దామని మేస్త్రీతో అన్నాను. ఆయన గుడిసె ముందుకు పోయి కూర్చున్నాడు. ఒళ్ళో గ్లాసు, ఎదురుగా వియ్యంకుడు, చుట్టూ ఆయన్ను నమ్ముకొని ఊరు విడిచి వచ్చిన మనుషులు. ఐదు నెలలకు మొదటిసారి వాళ్ళు ఆయన పక్కన నిటారుగా కూర్చున్నారు. లేచి నిజం చెబితే ఆ గ్లాసుతోపాటు మేస్త్రీపనీ పోతుంది. చెప్పకపోతే ఒంటిగంటన్నరకు బండి వస్తుంది. ఆ బండిలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉంటారు. ఒరగకపోనూ వచ్చు. ఒరగకపోవచ్చుననే నేను అనుకుంటున్నాను.

పన్నెండు కాకముందే ఆయన లేచాడు. గుడిసె గోడకు దోపిన ఎర్రజెండా తీసి ఒక కుర్రవాడికిచ్చి, బండి వచ్చే దిక్కుకు అర మైలు పరుగెత్తి నిలబడమన్నాడు. తర్వాత మంచం దగ్గరికి పోయి దొరను పిలిచి లేపాడు. మేము ఎవరమూ దొరను నిద్ర లేపి ఎరగం.

"గ్లాసు ఒలకగూడదని వంపులో పట్టా దించితి దొరా. బండి ఒరగగూడదంటే మళ్ళా ఎత్తాల. మీరు అడ్డం లేకుంటే ఎత్తుకుంటాం."

గ్లాసు మంచం కోడు దగ్గర పెట్టి, జవాబు కోసం నిలబడకుండా, గడ్డపార తీసుకొని వంపులోకి నడిచాడు. గ్యాంగంతా లేచి వెనక పోయింది. దొరకు ముందు అర్థం కాలేదు. ఆయన నేర్చుకున్న తెలుగులో ఆ మాటలు లేవు. నేను వివరించి చెప్పాల్సి వచ్చింది. వివరించేటప్పుడు పదో వంతు సంగతి దాటవేశాను.

వియ్యంకుడు అప్పటిదాకా కదలలేదు. ఇప్పుడు పైగుడ్డ తీసి నడుముకు చుట్టుకొని, తానూ ఒక పార అందుకున్నాడు.

"గ్లాసు యాడికీ పోదులే బావా, మా ఇంటికే వస్తాది. ముందు పట్టా ఎత్తు."

మూడో మేస్త్రీ ఆయన్ను బూతు తిట్టాడు. ఇద్దరూ పక్కపక్కన వంగి పని మొదలుపెట్టారు.

నేను బద్ద పట్టుకొని ఎత్తు చెబుతూ వాళ్ళ వెంబడి జరుగుతున్నాను. బండి వచ్చి జెండా దగ్గర ఆగింది. జనం దిగి, గుట్ట ఎక్కి కూర్చొని, అటుకులు తింటూ మమ్మల్ని చూశారు. ఇంకా అంగుళం ఎత్తాల్సి ఉందనగా, ఆ ఒక్క వంపులోనే గ్లాసు ఒలకటం తప్పదని నేను మేస్త్రీతో అన్నాను. ఎంత నిపుణుడికైనా అది తప్పదని, ఆయన మనసు తేలిక పడుతుందేమోనని అన్నాను.

ఆయన పార ఆపలేదు.

"అది నీకు ఎప్పటినుంచి తెలుసప్పా?"

రెండో నెలనుంచి అన్నాను. అబద్ధం చెప్పాలని తోచలేదు. సంఖ్యల విషయంలో నాకు అబద్ధం రాదు.

"రెండో నెలలో చెప్పింటే నేను పట్టా ముట్టింటానా?"

నేను బద్ద మళ్ళీ పట్టాల మీద అడ్డంగా పెట్టాను. ఆయన ఇంకో స్లీపరు దగ్గరికి జరిగిపోయాడు. బండి గంట ఆలస్యంగా, నడక వేగంతో వంపు దాటిపోయింది. ఇంజను డ్రైవరు ఏదో అరిచాడు, వినిపించలేదు.

విచారణ కాగితంలో బండి ఎందుకు ఆగిందన్న గడిలో, గుట్టమీదినుంచి రాళ్ళు జారినందువల్ల అని దొర స్వయంగా రాశాడు. నిజం రాస్తే గ్లాసు సంగతి పైకి పోతుంది. గ్లాసు పద్ధతి వల్ల కూలీల ఉత్సాహం ఊహించని మేరకు పెరిగిందని ఆయన అప్పటికే పై దొరలకు ఉత్తరం రాసి ఉన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆయన కూడా ధనము కొరకు మాత్రమే పని చేసేవాడు కాదని నాకు ఆరోజే అర్థమైంది. మూడో మేస్త్రీని కూలీగా దించి, గ్యాంగులో ఇంకొకణ్ణి మేస్త్రీని చేశారు. కారణం అవిధేయత అన్నారు; నిద్రాభంగం అని రాయలేదు గాని ఇంచుమించు అదే. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. జీతం కూడా పెంచలేదు.

పోటీ ఆగలేదు. మరుసటి నెల ట్రాలీ మూడో గ్యాంగు హద్దు దాటి ఆగినప్పుడు, నేను కొలిచి అంకె చెప్పాను. దొర ముఖం చిట్లించి, ఈ గ్యాంగునకు అభిమానము లేదని కొత్త మేస్త్రీని మందలించి, గొడుగు కిందికి పోయి చుట్ట వెలిగించాడు. కూలీల వరసలో పాత మేస్త్రీ గడ్డపార మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ నెలంతా ఆయన నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ట్రాలీ దగ్గరికి వచ్చి, అంకె మళ్ళీ చెప్పమన్నాడు.

పదో వంతుకు రవ్వంత తక్కువ అన్నాను.

"ఆ వంపుకు ఎంత పోవాలంటివి?"

అంతే పోవాలన్నాను. ఆ వంపు తప్ప ఆ హద్దులో మిగిలిన లైనంతటిలో ఒక్క చుక్క కూడా ఒలకలేదని దాని అర్థం. ఆరు గ్యాంగుల్లో, ఏడు నెలల్లో, ఎవరి కొలతా అంత చక్కగా రాలేదు.

ఆయన తల ఊపాడు. వెనక్కి తిరిగి, కొత్త మేస్త్రీని అడగకుండానే, గ్యాంగుకు పని చెప్పటం మొదలుపెట్టాడు. కొత్త మేస్త్రీతో సహా పది మందీ కదిలారు. నేను గ్లాసు తుడిచి, ఆ నెల కూడా పుస్తకంలో అంతకన్నా తక్కువ ఒలికిన రెండో గ్యాంగుకు పంపించడానికి సాయిబు చేతికిచ్చాను.